కానిస్టేబుల్ దృష్టికోణం: రాజ్యాంగ సభలో సోమనాథ్ లాహిరి

కథను విమర్శకు తీసుకున్నప్పుడు మనం మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. ఇది ఎవరి కళ్లతో చూసి చెప్పిన కథ? భూస్వామి కళ్లతోనా, పాలేరు కళ్లతోనా? వస్తువు ఒకటే అయినా చూసేవాడు మారితే కథే మారిపోతుంది. ఈ ప్రశ్నను కథకు కాక చట్టానికి వేసినవాడు ఒకాయన ఉన్నాడు. 1947 ఏప్రిల్ 29న రాజ్యాంగ సభలో ప్రాథమిక హక్కుల మధ్యంతర నివేదిక చర్చకు వచ్చినప్పుడు సోమనాథ్ లాహిరి లేచి, ఈ హక్కుల్లో చాలా వాటిని పోలీసు కానిస్టేబుల్ దృష్టితో రాశారని అన్నాడు. ఈ మాటను పౌరహక్కుల ఉపన్యాసాల్లో చమత్కారంగా వాడుకుంటూ ఉంటాం. నా దృష్టిలో అది చమత్కారం కాదు, నికార్సయిన పాఠ్య విమర్శ. సాహిత్య విద్యార్థులు దాన్ని ఆ విధంగా చదవాలని నా కోరిక.

లాహిరి బెంగాల్ నుంచి ఎన్నికైన కమ్యూనిస్టు. ఆ పార్టీ తరఫున సభలో ఉన్నది ఆయనొక్కడే. పార్టీ బెంగాలీ దినపత్రిక ‘స్వాధీనత’కు సంపాదకుడు, కథలు కూడా రాశాడు. ఆ సభ వయోజన ఓటుతో ఏర్పడింది కాదు, రాష్ట్రాల శాసనసభ్యులు ఎన్నుకున్నది. ముస్లిం లీగ్ బహిష్కరించడం వల్ల ప్రతిపక్షమనదగ్గది దాదాపు లేదు. ఒంటరి గొంతుకు ఎలాగూ ఓట్లు రావు కనుక మాటకే పదును పెట్టుకోవలసి వచ్చింది.

నివేదికను సభ ముందుంచినవాడు సర్దార్ పటేల్. అందులో వాక్, సభా, సంఘ స్వాతంత్ర్యాలు ఉన్నాయి. కాని వాటి ముందు ఒక షరతు ఉంది: శాంతిభద్రతలకూ నీతికీ లోబడి, ప్రభుత్వం తీవ్రమైన అత్యవసర పరిస్థితి ఉందని ప్రకటించనంత వరకు. హక్కు భంగమైతే సుప్రీంకోర్టు తలుపు తట్టవచ్చునని మరో నిబంధన చెప్పింది. దానికీ తోక ఉంది: తిరుగుబాటు, దండయాత్ర, లేదా ఇతర తీవ్ర అత్యవసర పరిస్థితి వస్తే ఆ తలుపు మూసేయవచ్చు.

బడిలో పిల్లలకు సంక్లిష్ట వాక్యం చెప్పేటప్పుడు ప్రధాన క్రియ ఎక్కడుందో వెతకమంటాం, అర్థం అక్కడ తేలుతుంది కనుక. ఈ నిబంధనల్లో వ్యాకరణం ప్రకారం ప్రధాన వాక్యం పౌరుడిదే: అతనికి హక్కు ‘ఉంటుంది’. అధికారం మాత్రం ఉపవాక్యంలో దాక్కుంది. లాహిరి పట్టుకున్నది దీన్నే. ఇచ్చిన హక్కులే అతి స్వల్పం, ఆ ప్రతి దాని వెంటా దాన్ని దాదాపు పూర్తిగా తీసేసే మినహాయింపు ఒకటి వస్తోందన్నాడు. తీవ్ర అత్యవసరమంటే ఏమిటో ఆ దేవుడికే తెలియాలి అని కూడా అన్నాడు. (కమ్యూనిస్టు నోట దేవుడి మాట రావడం చూసి నవ్వుకోవచ్చు గాని, ప్రభుత్వం నిర్వచించని పదానికి ఇంకెవరిని సాక్ష్యం పిలవగలడు?) అధికారంలో ఉన్న పక్షానికి గిట్టనిదేదైనా అత్యవసర పరిస్థితే అవుతుందని ఆయన హెచ్చరిక. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన సామెత. ఇక్కడ విశేషమేమిటంటే పూజారి సంతకం కూడా వరం కాగితం మీదే ఉంది.

ఆయన అంతటితో ఆగలేదు. ప్రాథమిక హక్కుల జాబితా పరాయి దేశాల రాజ్యాంగాల నుంచి మాత్రమే రాకూడదు, మన ప్రజలు పడ్డ బాధల నుంచి రావాలన్నాడు. పడ్డ బాధ ఏది? పత్రికల నుంచి ధరావతులు గుంజి గొంతు నులమడం. ‘మాలపల్లి’ నిషేధాన్ని చూసిన తెలుగు రచయితలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. అయినా ఆ జాబితాలో పత్రికా స్వేచ్ఛ అన్న మాటే లేదు. విచారణ లేకుండా నిర్బంధించడం ఇంకో బాధ. సభలో కూర్చున్న కాంగ్రెసు నాయకుల్లో ఆ జైళ్లు రుచి చూడనివాళ్లు తక్కువ. అనుభవమున్న చేతులే ఆ వాక్యాలు రాశాయన్నది నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం. జైలుకు వెళ్లొచ్చినంత మాత్రాన ఖైదీ దృష్టి మిగిలిపోదన్నమాట.

మరునాడు, ఏప్రిల్ 30న, రాజద్రోహం మీద చర్చ వచ్చింది. రాజద్రోహకరమైన మాట, రాత శిక్షార్హమని నివేదిక చెప్పింది. తిలక్‌ను 1897లోనూ 1908లోనూ, గాంధీని 1922లోనూ జైలుకు పంపిన పదమది. రాజు పోతున్నా రాజద్రోహం మిగిలింది. లాహిరి వాదం సూటిగా సాగింది: ఇంగ్లండులో కూడా మాట ఎంత తీవ్రమైనదైనా దాని వెంట చర్య లేనిదే నేరం కాదు, ప్రతిపక్షాన్ని అణచడానికి పటేల్ బ్రిటిష్ ప్రభుత్వానికున్నదానికంటే ఎక్కువ అధికారం కోరుతున్నట్టుంది. పటేల్ ఎదుటే ఆ మాట అన్నాడు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. 1946 ఆగస్టులో కలకత్తా వీధుల్లో శవాలు పడ్డాయి. విభజన ముంచుకొస్తోంది. అలాంటి రోజుల్లో రాజ్యానికి కాస్త గట్టి పట్టు కావాలని సభ్యులు అనుకోవడం సహజం. కానిస్టేబుల్ రాకకోసం ఎదురుచూసిన ఇళ్లూ ఉంటాయి. కాని లాహిరి గీత గీసింది పోలీసుల్ని ఉంచాలా వద్దా అన్న చోట కాదు, మాటకూ చర్యకూ మధ్య. కత్తి పట్టినవాణ్ణి ఆపడానికి వ్యాసం రాసినవాణ్ణి కూడా ఆపాలా? నివేదిక ఈ తేడాను చూడలేదు. కానిస్టేబుల్ కంటికి గుంపంతా ఒక్కటే.

దేశ విభజనతో లాహిరి స్థానం పోయింది. రాజ్యాంగం ఆమోదం పొందిన 1949 నవంబరు నాటికి ఆయన సభలో లేడు. 1948లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆయన పార్టీనే నిషేధించింది. ఆయన వాదంలో ఒక భాగం మాత్రం ఇతరుల నోట నెగ్గింది. 1948 డిసెంబరు 1న కె.ఎం. మున్షీ సవరణ తెచ్చి ‘రాజద్రోహం’ అన్న పదాన్ని ముసాయిదా నుంచి తీయించాడు. అయితే పదం రాజ్యాంగంలో నుంచి పోయింది గాని శిక్షాస్మృతిలో 124ఎ సెక్షన్‌గా అలాగే ఉండిపోయింది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేయక, హింసకూ అశాంతికీ పురికొల్పే మాటలకే పరిమితం చేసింది. లాహిరి చెప్పిన గీతకు దగ్గరగా రావడానికి పదిహేనేళ్లు పట్టింది. కింది ఠాణాలకు ఆ తీర్పు చేరిందని మాత్రం చెప్పలేం.

నిర్బంధం విషయంలో ఓటమి పూర్తిగా ఓటమే. విచారణ లేని నిర్బంధం ప్రాథమిక హక్కుల అధ్యాయంలోనే, 22వ అధికరణంలో, చోటు సంపాదించింది. 1950 ఫిబ్రవరిలో నివారక నిర్బంధ చట్టం వచ్చింది. దాని కింద మద్రాసు జైల్లో ఉన్న ఎ.కె. గోపాలన్ వేసిన కేసులో ఆ ఏడు మే 19న సుప్రీంకోర్టు ఒక సెక్షన్‌ను కొట్టేసి, మిగతా చట్టాన్ని నిలబెట్టింది. మన రాష్ట్రంలో 1971లో చెరబండరాజు, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్ నిర్బంధంలోకి వెళ్లింది ఇలాంటి చట్టం కిందనే. కవులమీద మోపడానికి నేరం అక్కరలేదు, చేయబోతారన్న అనుమానం చాలు. ఇక ‘దేవుడికే తెలియాలి’ అన్న అత్యవసర పరిస్థితి 1975 జూన్‌లో వచ్చింది. అది ఉన్నంతకాలం అక్రమ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే వీలు లేదని సుప్రీంకోర్టు 1976 ఏప్రిల్ 28న నలుగురి మెజారిటీతో తీర్పు చెప్పింది. జస్టిస్ ఖన్నా ఒక్కడే విభేదించాడు. లాహిరి ప్రసంగానికి అప్పటికి ఇరవైతొమ్మిదేళ్లు, ఒక్క రోజు తక్కువ.

1967లో పశ్చిమ బెంగాల్‌లో యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం ఏర్పడినప్పుడు లాహిరి మంత్రి అయ్యాడు. ప్రతిపక్షంలో పలికిన మాటల్ని అధికారపు కుర్చీ పరీక్షిస్తుంది. ఆ పరీక్ష ఆయన పార్టీకే కాదు, అభ్యుదయం పేరు చెప్పుకుని పాలించిన ప్రతి పక్షానికీ పెట్టవలసిందే. మనవాళ్ల పోలీసు వేరు, వాళ్ల పోలీసు వేరు అనే విమర్శకులు మన శిబిరంలో ఇంకా ఉన్నారు.

124ఎ కింద కేసులను 2022 మే 11న సుప్రీంకోర్టు నిలిపివేయించింది. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతే పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో రాజద్రోహమన్న పేరు లేదు. 152వ సెక్షన్ ఉంది: దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను ప్రమాదంలో పడేసే మాటలకూ రాతలకూ యావజ్జీవం దాకా శిక్ష. ఆ సెక్షన్ పాఠాన్ని ఎదుట పెట్టుకుని, పక్కన రాజ్యాంగ సభ చర్చల మూడో సంపుటాన్ని తెరిచి, రెండింటిలో క్రియలకు కర్త ఎవరో గుర్తించమని మా అధ్యయన వర్గంలోని ఎం.ఏ. విద్యార్థులకు ఈ మధ్యనే పని ఇచ్చాను. ‘ప్రమాదంలో పడేసే’ అన్న చోట, ప్రమాదమని ఎవరు నిర్ణయిస్తారో వాక్యంలో కనిపించడం లేదని ఒక అమ్మాయి రాసుకొచ్చింది.