ఫ్రిజ్ బీరువా కాదు

మాది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. నంద్యాలలో బి.ఎస్సీ. చదువుతూ శనివారాలు ఇంటికి పోతుంటాను. పోయిన ఎండాకాలం శనగలమ్మిన డబ్బుతో నాయన ఫ్రిజ్ కొన్నాడు. నాలుగు రోజుల్లోనే అది మా ఇంట్లో రెండో బీరువా అయింది. మామిడికాయలు, టమోటాలు, ఆకుకూర, మొన్నటి పప్పు – ఏది చేతికొస్తే అది అందులోకే.

ఒక శనివారం నేను పోయేసరికి చెల్లెలు వాంతులతో సొమ్మసిల్లి ఉంది. డాక్టరు అన్నం మీదనే అనుమానపడ్డాడు. రాత్రి మిగిలిన అన్నం తెల్లవార్లూ పొయ్యి మీది గిన్నెలోనే ఉంది. పొద్దున ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యాహ్నం వేడిచేసి పెట్టారు.

"ఫ్రిజ్జులో పెట్టిందే కదరా, వేడి గూడా చేస్తినే!" అని అమ్మ కంటతడి పెట్టింది.

అమ్మ తప్పేమీ లేదు, మాకెవరూ చెప్పలేదు. ఫ్రిజ్ సూక్ష్మజీవులను చంపదు, వాటి పెరుగుదలను మందగింపజేస్తుంది, అంతే. సుమారు 5 నుండి 60 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య అవి పెరుగుతాయి. అనువైన వేడిలో కొన్ని 20 నిమిషాలకే రెట్టింపవుతాయి. లెక్క కట్టి చూడండి: ఆ వేగమే సాగితే ఒక్కటి 8 గంటల్లో కోటీ 67 లక్షలు దాటుతుంది! బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం నిదానంగా ఆరేటప్పుడు మొలకెత్తి విషాన్ని వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. కాబట్టి మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి, మన ఎండల్లో గంటలోపే లోపల పెట్టాలి.

"మేమంతా సద్ది తిని బతకలేదారా?" అంది జేజి. తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. సద్దిలో మజ్జిగ పోసి పులియబెడతారు. ఆ లాక్టిక్ ఆమ్లపు పులుపు చాలా సూక్ష్మజీవులకు గిట్టదు. మా గిన్నెలో ఆ పులుపు లేదు.

మరుసటి వారం థర్మామీటరు తెచ్చి గ్లాసు నీళ్ళలో ఉంచి అర అరా చూశాను. ఫ్రీజరు కింద 4 డిగ్రీలు, తలుపులో 11! మేము పాలు పెట్టేది తలుపులోనే. ఇప్పుడు పాలు ఫ్రీజరు కిందికి మారాయి. పచ్చి మాంసం తెచ్చిననాడు మూత గిన్నెలో అన్నిటికన్నా కింద – దాని నీరు వండిన కూరల మీద కారకూడదు గదా. పండే మామిడి ఇథిలీన్ వాయువు వదులుతుంది, దాని పక్కన ఆకుకూర పసుపు బారుతుంది. అందుకే కాయలు బయట గడ్డిలోనే మాగుతాయి, పండినాకనే లోపలికి. చల్లగాలి బరువెక్కి కిందికి దిగాలి కాబట్టి గిన్నెల మధ్య సందు వదులుతున్నాము. కరెంటు పోతే తలుపు తెరవము. మూసి ఉంచితే దాదాపు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది.

చెల్లెలు కోలుకుంది. గిన్నెల మీద వండిన పూట రాసి చీటీలు అంటించే ఉద్యోగం దానిదే. జేజి మాత్రం కుండనీళ్ళే తాగుతుంది.