కేకు మీది చెర్రీ... మన కంచె మీది వాక్కాయే!

తొలకరి పడి నాలుగు వారాలైతే చాలు, మన విశాఖలో పూర్ణా మార్కెట్‌లోనూ, గాజువాకలోనూ, రైతు బజార్ల గేట్ల ముందూ గోనెపట్టాల మీద వాక్కాయలు కుప్పలు పడతాయి. ఒకవైపు తెల్లగా, ఇంకోవైపు గులాబీరంగు తిరిగి, చూడగానే నోరూరిస్తాయి. మనం ఏం చేస్తాం? పావుకిలో కొంటాం. ఒకరోజు పప్పులో వేస్తాం. ఇంకోరోజు పచ్చిమిర్చి వేసి రోట్లో నూరతాం. ఓపికుంటే పులిహోర కలుపుతాం. అంతటితో ఆ ఏటికి వాక్కాయల ముచ్చట తీరిపోయినట్టే!

కానీ అదే గోనెపట్టా చివర ఓసారి చూడండి. నేరేడు పళ్లలా నల్లగా నిగనిగలాడుతూ కొన్ని పక్కకు తీసి ఉంటాయి. అవి పండిన వాక్కాయలు. పప్పుకి పనికిరావని ఎవరూ ముట్టుకోరు. క్రిందటేడు శ్రావణమాసంలో గాజువాకలో బేరం చేస్తూ, "ఇవేం చేస్తావమ్మా?" అని అమ్మే ఆవిడని అడిగాను. "ఏటి సేత్తానమ్మా! పండిపోయినవి ఎవులూ కొనరు. సందేలకి మెత్తబడిపోతాయి. ఇంటికట్టుకెల్లి మేకలకి పోత్తాను" అంది. కోసిన కష్టం ఆవిడదే, ముళ్లు గుచ్చుకున్న చేతులూ ఆవిడవే. గంపలో పండినవాటికి మాత్రం పైసా రాదు.

నిజానికి అసలు సరుకు అదే. ఎర్రటి షర్బత్‌కి, జామ్‌కి కావలసిన రంగూ రుచీ వాక్కాయ పండాకే వస్తాయి.

బేకరీ రహస్యం

పిల్లల పుట్టినరోజు కేకు మీద ఎర్రగా మెరిసే చెర్రీ కోసం ఇంట్లో ఎంత గొడవో మనందరికీ తెలుసు. మన దేశంలో బేకరీల్లో, ఐస్‌క్రీముల్లో వేసే ఆ చెర్రీల్లో చాలా భాగం అసలు చెర్రీలే కావు, వాక్కాయలు! కాయల్ని గింజ తీసి, ఉప్పునీళ్లలో గంధకపు మందు కలిపి నానబెడతారు. దాంతో సహజమైన రంగు పోయి కాయ పాలిపోతుంది. తర్వాత ఎర్రరంగు పట్టించి, చక్కెర పాకంలో ఊరబెడతారు. ఆ రంగు పేరు ఎరిత్రోసిన్. పరిమితికి లోబడి వాడుకోవడానికి చట్టం అనుమతించిన రంగే అది. అయినా విచిత్రం చూడండి. దేవుడిచ్చిన ఎరుపుని కడిగేసి, డబ్బాలోని ఎరుపుని పూస్తున్నారన్నమాట!

అసలు పుల్ల చెర్రీ చలి దేశాల చెట్టు. శీతకాలమంతా గడ్డకట్టే చలిలో నిద్రపోతేగాని పూత పూయదు. విశాఖ సముద్రపు ఉక్కపోతలో అది బతికే మాట కల్ల. ఇరాన్‌లో దాన్ని 'ఆల్బాలు' అంటారు. పంచదార పాకంలో ఉడికించి, వడగట్టి, చల్లటి నీళ్లలో కలిపి షర్బత్‌గా ఇస్తారు. టర్కీలో 'విష్నె' అంటారు. అక్కడ దాని రసం ఇంటింటా ఉంటుంది. హంగరీ వాళ్లయితే ఆ పళ్లతో చల్లటి సూపు చేసుకుని వేసవిలో తాగుతారు. మనం పుల్ల చెర్రీ కోసం వెతుక్కోనక్కర్లేదు. పులుపులో, రంగులో దానికి సాటి వచ్చే వాక్కాయ మన పక్కనే ఉంది.

కొనేటప్పుడు, కడిగేటప్పుడు

షర్బత్‌కి, జామ్‌కి నల్లగా పండినవి తీసుకోండి. మెత్తగా ఉన్నా ఫర్వాలేదు గానీ పగిలి పులిసిన వాసన వస్తుంటే వద్దు. చెర్రీలకి మాత్రం సగం ఎరుపు తిరిగిన గట్టికాయలే కావాలి.

వాక్కాయ తొడిమ తీస్తే పాలు కారతాయి. అవి చేతికి బంకలా అంటుకుంటాయి. చేతులకి కాస్త నూనె రాసుకుంటే సరి. కోసిన కాయల్ని ఉప్పు వేసిన నీళ్లలో ఓ అరగంట ఉంచి, రెండుసార్లు కడిగితే జిగురు పోతుంది. పండినవాటిలో ఈ బెడద తక్కువ.

ఇక గిన్నె సంగతి. అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి, ఇనప మూకుడు వద్దు. పులుపుకి లోహం దిగి రంగూ రుచీ చెడతాయి. స్టీలు గిన్నె వాడండి. "మన ఉక్కు ఫ్యాక్టరీ స్టీలేనా?" అని మా అమ్మాయి అడిగింది. కాదు! మన ప్లాంటులో తయారయ్యేవి ఇళ్లకీ వంతెనలకీ వాడే కడ్డీలు, తీగ చుట్టలు. వంటింటి స్టీలు తుప్పు పట్టకుండా క్రోమియం కలిపి చేసేది, అది వేరే రకం.

వాక్కాయ షర్బత్

కావలసినవి: పండిన వాక్కాయలు 1 కిలో, పంచదార 4 కప్పులు, నీళ్లు పళ్లు ఉడికించడానికి 2 కప్పులు, పాకానికి 2 కప్పులు, ఉప్పు చిటికెడు.

చేసే విధానం: కడిగిన పళ్లని 2 కప్పుల నీళ్లతో సన్నసెగ మీద పావుగంట ఉడకనివ్వాలి. పళ్లు పగిలి మెత్తబడ్డాక గరిటెతో మెదిపి, చల్లారాక పల్చటి గుడ్డలో వడగట్టాలి. మరీ గట్టిగా పిండితే రసం మడ్డిగా వస్తుంది. ఈ రసం 3 కప్పులు కొలిచి పక్కన పెట్టుకోండి. వేరే గిన్నెలో పంచదార, 2 కప్పుల నీళ్లు మరిగించి, పైన తేలిన తెట్టు తీసేయాలి. తీగపాకం రానక్కర్లేదు, పంచదార పూర్తిగా కరిగి ఒక పొంగు వస్తే చాలు. అందులో రసం, ఉప్పు కలిపి, అంచుల్లో బుడగలు రాగానే దింపేయండి. ఎక్కువసేపు మరిగిస్తే రంగు గోధుమవన్నెకి తిరుగుతుంది.

వేడినీళ్లలో పది నిమిషాలు మరిగించి తీసిన గాజు సీసాల్లో, వేడి మీదే పోసి మూత బిగించాలి. సీసా వేడిగా ఉండగానే పోయాలి సుమా, చల్లటి సీసా అయితే పగులుతుంది. ఫ్రిజ్‌లో పెట్టుకుని నెలలోపల వాడేసుకుంటే ఏ మందూ కలపక్కర్లేదు. ఒక వంతు షర్బత్‌కి మూడు వంతుల చల్లటి నీళ్లు కలిపి, వేయించిన జీలకర్ర పొడి చిటికెడు వేసి ఇవ్వండి. నీళ్ల బదులు గోలీసోడా పోస్తే పిల్లలు ఎగిరి గంతేస్తారు.

వాక్కాయ జామ్

షర్బత్‌కి వడగట్టగా మిగిలిన గుజ్జు పారేయకండి. జల్లెడలో రుద్దితే గింజలు, తొక్కలు పైన ఉండిపోతాయి, చిక్కటి గుజ్జు కిందికి దిగుతుంది. గుజ్జు ఎన్ని కప్పులో పంచదారా అన్ని కప్పులు. రెండూ కలిపి అడుగంటకుండా తిప్పుతూ ఉడికించాలి. వాక్కాయలో జామ్‌ని గడ్డకట్టించే పెక్టిన్ సహజంగానే బాగా ఉంటుంది. పులుపూ ఉంది. కాబట్టి నిమ్మరసం, జెలటిన్ లాంటివి వేయక్కర్లేదు. అయిందో లేదో తెలుసుకోవడానికి ఫ్రిజ్‌లో పెట్టిన పళ్లెం మీద ఒక చుక్క వేసి, నిమిషమాగి వేలితో తోయండి. ముడత పడితే దింపేయొచ్చు. జారిపోతే మరికాసేపు ఉడకాలి.

ఇంటి చెర్రీలు

ఇది ఓపిక పని. అర కిలో గట్టి వాక్కాయల్ని ఒక పక్క గాటు పెట్టి, చాకు మొనతో గింజలు తీయాలి. లీటరు నీళ్లకి రెండు చెంచాల ఉప్పు వేసి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే బాగా కడిగి, మరిగే నీళ్లలో మూడు నిమిషాలు ఉంచి తీయాలి. పావుకిలో పంచదార, పావులీటరు నీళ్లు మరిగించి అందులో కాయలు వేసి మూతపెట్టండి. మర్నాడు కాయలు తీసి, ఆ పాకంలో ఇంకో 125 గ్రాముల పంచదార వేసి మరిగించి, మళ్లీ కాయలు వేయాలి. ఇలా మరో మూడు రోజులు. పంచదార అంతా ఒకేసారి వేస్తే కాయ ముడుచుకుపోయి గట్టిబడుతుంది. కొద్దికొద్దిగా వేస్తేనే పాకం లోపలికి పీల్చుకుంటుంది. పాకం తేనెలా చిక్కబడ్డాక వడగట్టి, కాయల్ని నీడలో రెండు రోజులు ఆరనివ్వాలి. బేకరీ ఎరుపు రాదు, ముదురు గులాబీరంగు వస్తుంది. ఇంకాస్త ఎరుపు కావాలంటే పాకంలో రెండు బీట్‌రూట్ ముక్కలు వేస్తే సరి. మిగిలిన పాకం నీళ్లలో కలుపుకుని తాగేయొచ్చు.

అనకాపల్లి బెల్లంతో

పంచదార వద్దనుకునే వాళ్లకి ఇంకో దారి. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి వేరే జిల్లా అయిపోయింది గానీ, దాని బెల్లం మాత్రం మన వంటింట్లోనే ఉంది! గింజలు తీసిన వాక్కాయలు అర కిలో, బెల్లం అర కిలో తీసుకోండి. బెల్లాన్ని కప్పు నీళ్లలో కరిగించి వడగట్టి, కాయలు వేసి దగ్గరపడేదాకా ఉడికించాలి. దింపేముందు శొంఠిపొడి, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు, ఇష్టమైతే కాస్త కారం వేయండి. చపాతీలోకి, పెరుగన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. ఏ షిఫ్టుకి తెల్లవారకముందే బయల్దేరే మావారి క్యారేజీలో చపాతీలతో ఇదే పెడతాను.

ఇంట్లో చేసింది కదా అని...

ఒక్క మాట చెప్పాలి. ఇంట్లో చేశాం కాబట్టి ఎంతైనా తాగొచ్చనుకోకండి. పైన చెప్పిన కొలతతో కలిపిన ఒక గ్లాసులో పాతిక నుంచి ముప్ఫై గ్రాముల పంచదార ఉంటుంది. పెద్దవాళ్లయినా రోజు మొత్తానికి యాభై గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట. పిల్లలకి అరగ్లాసు చాలు. షుగరున్న వాళ్లు షర్బత్, జామ్ జోలికి పోకుండా పచ్చివాక్కాయ పప్పుతోనే సరిపెట్టుకోవాలి. బెల్లమైతే ఫర్వాలేదనుకోవడం కూడా భ్రమే.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. వాక్కాయ గన్నేరు కుటుంబానికి చెందిన మొక్క. ఆ కుటుంబంలో విషపు మొక్కలూ ఉన్నాయి. పార్కుల్లో, ఇళ్ల ముందు పసుపు పూలతో కనిపించే పచ్చగన్నేరు అలాంటిదే. దాని కాయ మొదట ఆకుపచ్చగా ఉండి, పండితే నల్లబడుతుంది. తుంచితే పాలు కూడా కారతాయి. దాని గింజ గుండెని ఆపేసేంత విషం. వాక్కాయ చిన్నగా కోలగా ఉంటుంది, చెట్టుకి జంట ముళ్లుంటాయి. పచ్చగన్నేరుకి ముళ్లుండవు, కాయ పెద్దది, లోపల ఒకటే గట్టి టెంక. వాక్కాయలు కోసుకోవడానికి పిల్లలు బయల్దేరితే ఈ తేడా ముందే చూపించండి. తెలియని చెట్టు కాయ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. పొరపాటున తింటే ఇంటి వైద్యాలతో కాలయాపన చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పదిమందికీ అమ్మాలనుకుంటే

మహిళా సంఘాల వాళ్లకి ఇది మంచి సరుకు. పండిన కాయ చవగ్గా దొరుకుతుంది. ఆ గంపల వాళ్లకీ నాలుగు డబ్బులొస్తాయి. అయితే అమ్మకానికి చేసేటప్పుడు ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. 'స్క్వాష్' అని లేబులు వేస్తే అందులో కనీసం 25 శాతం పండ్లరసం ఉండి తీరాలి. నిలవ కోసం పొటాషియం మెటాబైసల్ఫైట్ వేస్తే వాక్కాయ ఎరుపు పాలిపోతుంది. అందుకే రంగున్న పళ్లరసాలకి సోడియం బెంజోయేట్ వాడతారు. అదికూడా కళ్లంచనాతో కాదు, తూచి వేయాలి. శిక్షణ తీసుకుని మొదలుపెట్టడం మంచిది.

కంచె ఉంటేనే కాయ

ఒకప్పుడు పొలాలకీ తోటలకీ వాక పొదలే కంచెలు. పశువులు లోపలికి రాకుండా ముళ్లు కాపలా, ఏటా కాయలు లాభం. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో జాతికి అంకితమైంది. దాంతోపాటే ఊరూ పెరిగింది. పొలాలు కాలనీలయ్యాయి, కంచెలు పోయి ప్రహరీ గోడలొచ్చాయి. గోడకి కాయలు కాయవు కదా! పండిన కాయ కూడా అమ్ముడుపోతుందని తెలిస్తేనే, మిగిలిన పొదల్ని ఎవరైనా నరక్కుండా ఉంచుతారు.

పెరట్లో జాగా ఉన్నవాళ్లు షర్బత్‌కి కొన్న పళ్లలోంచి నాలుగు గింజలు ఉడికించకముందే తీసి, తడి ఆరకుండానే నాటండి. ఇసక నేలైనా, నీళ్లు తక్కువైనా బతుకుతుంది. ముళ్లుంటాయి కాబట్టి పిల్లలు ఆడుకునే చోట మాత్రం వద్దు.

ఈ శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చినవాళ్లకి సీసాలో దొరికే కూల్‌డ్రింకు బదులు వాక్కాయ షర్బత్ ఇచ్చి చూడండి. "ఏం పండండీ ఇది?" అని అడగనివాళ్లుంటే చెప్పండి! బజారుకి వెళ్లినప్పుడు గోనెపట్టా చివరున్న నల్లటివి కూడా ఓ కిలో తూయించుకోవడం మర్చిపోకండేం.