ప్రొపేను జ్వాల – రాగి గొట్టముల అతుకు

బ్రిటను, అమెరికా సంయుక్త రాష్ట్రములు మొదలగు దేశములలో అనేక గృహములందు మంచినీరు రాగి గొట్టముల ద్వారా వచ్చును. వీనిని కలుపుటకు ఒక గొట్టపు చివరను, దానికంటె కొంచెము వెడల్పయిన రాగి తొడుగులో దూర్చుదురు. పిదప చేతిలో ఇమిడెడి ప్రొపేను టార్చితో వేడిచేసి, ఆ సందును సోల్డరు అను మాటులోహముతో నింపుదురు. ఈ పనిని మొదటిసారి చూచువారికి ఒక విషయము వింతగా తోచును. పనివాడు మాటులోహపు తీగను మంటలో పెట్టడు. మంటను తొడుగునకు ఒక ప్రక్క చూపి, తీగను ఎదుటి ప్రక్క ఆనించును. తీగ అచ్చటనే కరగి సందులోనికి మాయమగును. సందు నోరు క్రిందివైపునకు ఉన్నను, కరగిన లోహము పైకి ప్రాకును!

ఇట్లేల జరుగునో తెలిసికొనుటకు పాఠశాలలో చదువు భౌతిక, రసాయన శాస్త్ర సూత్రములే చాలును. వానిని ఎరుగక వేసిన అతుకు పైకి చక్కగా కనిపించుచునే గోడలో నీరు కార్చుచుండవచ్చును.

సిలిండరులోని ద్రవము

ప్రొపేను అణువులో మూడు కర్బన పరమాణువులు, ఎనిమిది ఉదజని పరమాణువులు కలవు. 1910 ప్రాంతమున అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు వాల్టరు స్నెల్లింగు పెట్రోలునుండి వెలువడు ఆవిరులలో దీనిని గుర్తించెను. ఇది సున్నకు దిగువ 42 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరగును. ఐనను సుమారు 9 వాతావరణముల పీడనములో ఉంచినచో, గది ఉష్ణోగ్రతలో కూడ ద్రవముగనే ఉండును. ఒక ఘనపు సెంటీమీటరు ద్రవమునుండి రమారమి 270 ఘనపు సెంటీమీటర్ల వాయువు వచ్చును. అందువలననే చిన్న సిలిండరులో అంత ఇంధనము ఇముడుచున్నది.

మన వంటయింటి గ్యాసులో ప్రొపేనుతోపాటు బ్యూటేను కూడ ఉండును. బ్యూటేను మరగు స్థానము ఇంచుమించు సున్న డిగ్రీలు. మంచు కురియు దేశములలో చలికాలమున బ్యూటేను సరిగా ఆవిరి కాదు. అట్టి చలిలోను పనిచేయగలదు గనుక అచ్చటి పనివారు ప్రొపేనును వాడుదురు.

టార్చిని చాలసేపు వెలిగించినచో సిలిండరు చల్లబడి, దానిపై తేమ పట్టును. ద్రవము ఆవిరియగుటకు కావలసిన గుప్తోష్ణమును సిలిండరునుండియే గ్రహించుట దీనికి కారణము. కూజాలో నీరు చల్లబడుటయు ఇట్టిదే. సిలిండరు చల్లబడిన కొలది లోపలి పీడనము తగ్గి, మంట బలహీనమగును.

మంటలో వేడి ఎచ్చట?

వాయువు సన్నని రంధ్రమునుండి వేగముగా వెలువడుచు, ప్రక్కనున్న రంధ్రముల ద్వారా గాలిని లోనికి లాగికొనును. ప్రయోగశాలలోని బున్సెను దీపము పనిచేయునదియు ఈ సూత్రముపైననే. ఒక ఘనపరిమాణము ప్రొపేను పూర్తిగా మండుటకు ఐదు ఘనపరిమాణముల ఆమ్లజని, అనగా సుమారు 24 ఘనపరిమాణముల గాలి కావలెను. గాలి చాలనిచో మంట పసుపుపచ్చగా నుండి మసి పట్టించును. చాలినచో నీలివర్ణము పొంది, లోపల ఒక చిన్న శంకువు ఏర్పడును.

శంకువు లోపలి వాయువు ఇంకను మండలేదు. అది చల్లగనే ఉండును. శంకువు కొనకు కొంచెము ఆవల వేడి అధికము. ఉపాధ్యాయులు దీనిని బున్సెను దీపముతో చూపవచ్చును. ఒక అగ్గిపుల్లను శంకువు అడుగుభాగమునకు అడ్డముగా క్షణకాలము పట్టినచో, అది రెండు అంచులయందు మాడును గాని నడుమ మాడదు.

ప్రొపేను జ్వాల ఉష్ణోగ్రత 1,900 డిగ్రీలు దాటవచ్చును. రాగి 1,085 డిగ్రీల వద్ద కరగును. మరి గొట్టము ఏల కరగదు? ఉష్ణోగ్రత వేరు, ఉష్ణరాశి వేరు. ఇనుముకంటె సుమారు ఐదు రెట్లు మంచి ఉష్ణవాహకమగు రాగి, మంట ఇచ్చు వేడిని వెంటనే దూరమునకు కొనిపోవును. ఈ గుణమువలననే ఎదుటి ప్రక్కకూడ వేడెక్కి తీగను కరిగించును. తీగను మంటలో కరిగించి చల్లని గొట్టముపై పడవేసినచో, అది లోనికి పోక పైననే గడ్డకట్టును. కరిగించవలసినది జ్వాల కాదు, వేడెక్కిన గొట్టము.

తామరాకుపై నీటిబొట్టు

గాలిలో వేడెక్కిన రాగిపై ఆక్సైడు పొర ఏర్పడును. కరగిన మాటులోహము ఆ పొరను అంటదు; తామరాకుపై నీటిబొట్టువలె దొరలిపోవును. కనుక మొదట గొట్టమును, తొడుగు లోపలిభాగమును గరుకు కాగితముతో రుద్ది మెరయజేయుదురు. పిదప ఫ్లక్సు అను ముద్దను పూయుదురు. జింకు క్లోరైడు, అమ్మోనియం క్లోరైడు వంటి లవణములు గల ఈ ముద్ద ఆక్సైడును కరిగించి, క్రొత్త పొర ఏర్పడకుండ కాపాడును. ఇత్తడి పాత్రకు కళాయి వేయువారు చల్లు నవాసాగరము అమ్మోనియం క్లోరైడే. స్వర్ణకారుడు వెలిగారమును వాడుటయు ఇట్టి ప్రయోజనమునకే.

వేడి ఎంత ఎక్కువైన అంత మంచిదని తలచుట పొరపాటు. మితిమీరి కాల్చినచో ఫ్లక్సు మాడి నల్లబడి, లోహము అంటుకొనదు. అప్పుడు అతుకును విప్పి, శుభ్రపరచి, మొదటినుండి చేయవలెను.

శుభ్రమైన రాగిని తాకిన మాటులోహము దానిని తడిపి, సందులోనికి ఎగబ్రాకును. దీపపు వత్తిలో నూనె పైకెక్కునట్టి కేశాకర్షణమే ఇది. సందు ఎంత సన్ననిదైన లాగుబలము అంత హెచ్చు. మిల్లీమీటరులో పదవవంతు ప్రాంతపు సందు మిక్కిలి అనుకూలము. వదులైన తొడుగులో లోహము నిలువదు. లోహము గట్టిపడువరకు అతుకును కదల్చరాదు.

గొట్టములో నీరు మిగిలియున్నచో అతుకు కుదరదు. నీరుండునంతవరకు ఆ చోట 100 డిగ్రీలు దాటుట కష్టము. తగరము కరగుటకు 232 డిగ్రీలు కావలెను. కవాటము పూర్తిగా ఆపలేక నీరు చుక్కలుగా వచ్చుచున్నచో, కొందరు పనివారు గొట్టములో రొట్టెముక్కను కూరి అడ్డగింతురు. పని ముగిసిన పిదప అది నానిపోయి కొట్టుకొనిపోవును.

సీసము, నిప్పు

పూర్వము ఈ పనికి తగరము, సీసము సమభాగములుగా గల మిశ్రలోహమును వాడిరి. అది 183 డిగ్రీల వద్ద కరగనారంభించి 214 డిగ్రీల ప్రాంతమున పూర్తిగా ద్రవమగును, పని సులువు. కాని సీసము అతుకులనుండి కొద్దికొద్దిగా త్రాగునీటిలో కలియును. పిల్లల మెదడు ఎదుగుదలకు అది మిక్కిలి హానికరము. అమెరికా 1986లో శాసనము చేసి, త్రాగునీటి గొట్టములకు నూటికి 0.2 వంతులకు మించి సీసముగల మాటులోహమును నిషేధించినది. ఇప్పుడు తగరములో కొద్దిగా రాగి, వెండి లేక ఆంటిమొని కలిపిన లోహములను వాడుదురు. ఇవి కరగుటకు మరింత వేడి కావలెను గనుక ఫ్లక్సు మాడకుండ చూచుకొను నేర్పు నేడు మరింత అవసరము.

రెండవ అపాయము నిప్పు. కొయ్య గోడల చాటున మంట తగిలి, పైకి తెలియకుండ రాజుకొని, పనివాడు వెళ్లిన తరువాత ఇల్లు అంటుకొనవచ్చును. కనుక వెనుక మంటనోపు రేకును గాని, తగిన గుడ్డను గాని అడ్డు పెట్టి, నీళ్లను దగ్గర నుంచుకొని, పని అయిన పిదపకూడ కొంతసేపు కనిపెట్టి ఉండవలెను. ప్రొపేను గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. కారినచో నేలమట్టముననే నిలిచియుండును. గాలిలో నూటికి రెండు వంతులు కలిసినను మండును. టార్చిని తలక్రిందులు చేసినచో ద్రవమే బయటికి వచ్చి మంట ఒక్కసారిగా ఎగయును. గాలి ఆడని గదిలో దీనిని వాడరాదు.

మన పట్టణములలో నీటికి ప్లాస్టికు గొట్టములు అధికమైనవి గాని, శీతలీకరణ యంత్రములు బాగుచేయువారు రాగి గొట్టములను జ్వాలతోనే అతుకుచున్నారు. వారు వాడు లోహము 450 డిగ్రీలకు పైన కరగును. అతుకు మరింత దృఢము. అచ్చటను మంట గొట్టమును వేడిచేయును, గొట్టము లోహమును కరిగించును, సన్నని సందు దానిని లోనికి లాగుకొనును. తమ వీధిలో అట్టి పని జరుగునప్పుడు విద్యార్థులు ఎడముగా నిలిచి, తీగ ఏ ప్రక్క కరగుచున్నదో గమనింపవచ్చును.