వర్డ్‌ప్రెస్ విడుదల ప్రణాళిక

వెబ్‌సైట్ల ప్రచురణకు ఉపయోగపడే వర్డ్‌ప్రెస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు కొత్త వెర్షన్లను ఎప్పుడు, ఏయే మార్పులతో, ఏ క్రమంలో వెలువరించాలో ముందుగా నిర్ణయించుకొనే పద్ధతిని వర్డ్‌ప్రెస్ విడుదల ప్రణాళిక అంటారు. ఈ సాఫ్టువేరును రూపొందించేవారిలో కొందరు తమ సంస్థల జీతంపై పనిచేస్తుండగా, అనేకులు స్వచ్ఛందంగా పనిచేస్తారు. స్వచ్ఛంద కార్యకర్తను ఫలానా రోజుకు పని ముగించమని ఎవరూ నిర్బంధించలేరు. అందుచేత గడువును నిలబెట్టుకోవడం ఇటువంటి సాఫ్టువేరుకు కఠినమైన సమస్య. తేదీని స్థిరంగా ఉంచి, అప్పటికి సిద్ధం కాని అంశాలను తరువాతి విడుదలకు వాయిదా వేయడం వర్డ్‌ప్రెస్ అనుసరించే ప్రధాన సూత్రం.

నేపథ్యం

బీ2 అనే పాత సాఫ్టువేరు ఆధారంగా మాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి వర్డ్‌ప్రెస్‌ను ప్రారంభించారు. మొదటి వెర్షను 0.7, 2003 మే 27న విడుదలైంది. 2004 జనవరిలో వచ్చిన 1.0 వెర్షనుకు జాజ్ సంగీత విద్వాంసుడు మైల్స్ డేవిస్ పేరిట "డేవిస్" అని పేరు పెట్టారు. పెద్ద విడుదలలకు జాజ్ కళాకారుల పేర్లు పెట్టే సంప్రదాయం అప్పటినుండి కొనసాగింది.

తొలినాళ్ళలో విడుదలలకు నియమిత కాలవ్యవధి లేదు. 2.0 వెర్షను 2005 డిసెంబరు 31న రాగా, 2.1 వెర్షను 2007 జనవరి 22న గాని రాలేదు. ఈ మధ్యకాలాన్ని మల్లెన్‌వెగ్ 2010లో రాసిన ఒక వ్యాసంలో ప్రాజెక్టు కోల్పోయిన సంవత్సరంగా పేర్కొన్నాడు. విడుదల ఆలస్యమైన కొద్దీ, ఇంత కాలం ఆగినందుకు తగినట్లుగా ఇంకొక అంశం చేర్చాలనే కోరిక పెరుగుతుంది. అది చేర్చితే ఆలస్యం మరింత పెరుగుతుంది. సాఫ్టువేరు వినియోగదారుల చేతికి చేరేవరకు అందులోని అసలు లోపాలు బయటపడవు.

120 రోజుల పద్ధతి

ఈ అనుభవంతో 2.1 విడుదల సమయంలో కొత్త విధానం ప్రకటించారు. దాని ప్రకారం సుమారు 120 రోజులకు ఒక పెద్ద విడుదల, అనగా ఏడాదికి మూడు రావాలి. మొదటి పరీక్ష 2.2 వెర్షనుతోనే ఎదురైంది. వ్యాసాలకు ట్యాగులు తగిలించే సౌకర్యాన్ని అందులో చేర్చదలచారు. దత్తాంశ నిల్వకు ఎంచుకొన్న నమూనా సంతృప్తికరంగా లేనందున దానిని తొలగించి, 2.2ను 2007 మే 16న విడుదల చేశారు. ట్యాగులు మెరుగైన నమూనాతో అదే ఏడాది సెప్టెంబరులో 2.3 వెర్షనులో వచ్చాయి. తరువాతి విడుదల నాలుగు నెలల్లోనే ఉన్నదన్న నమ్మకం వల్ల వాయిదా ఎవరికీ భారం కాలేదు.

పద్ధతి ప్రతిసారీ ఫలించలేదు. నిర్వహణ పుటల రూపకల్పన మార్చే పని పెద్దది కావడంతో 2.4 వెర్షనును పూర్తిగా వదలివేసి, 2008 మార్చిలో నేరుగా 2.5ను విడుదల చేశారు.

విడుదలలోని దశలు

ఒక పెద్ద విడుదల సాధారణంగా ఈ క్రింది దశల గుండా సాగుతుంది.

* ప్రణాళిక: విడుదలకు నాయకుడిని లేదా నాయకురాలిని, సాంకేతికం, రూపకల్పన, పరీక్ష, డాక్యుమెంటేషను వంటి విభాగాలకు బాధ్యులను నియమిస్తారు. తేదీలను బహిరంగంగా ప్రకటిస్తారు.
* ఆల్ఫా: కొత్త అంశాల కోడు రాసే కాలం ఇది. ప్రతి పనికీ ట్రాక్ అనే వ్యవస్థలో ఒక టికెట్టు ఉంటుంది.
* బీటా: మొదటి బీటా వెలువడిన తరువాత కొత్త అంశాలు చేర్చరు. దోషాలు సవరించడమే పని. గడువుకు అందని టికెట్లను తరువాతి విడుదలకు మారుస్తారు.
* రిలీజ్ క్యాండిడేట్: విడుదలకు దాదాపు సిద్ధమైన ప్రతి ఇది. ఇక్కడినుండి తెరపై కనిపించే పదాలు, వాక్యాలు మార్చరాదు.
* విడుదల: తుది ప్రతిని ప్రకటించిన తేదీన అందరికీ అందిస్తారు.

చివరి దశలో వాక్యాలను మార్చరాదన్న నియమం ఇంగ్లీషేతర భాషలకు ముఖ్యమైనది. తెలుగుతో సహా అనేక భాషలలోకి వర్డ్‌ప్రెస్‌ను స్వచ్ఛంద అనువాదకులు అనువదిస్తారు. అనువాదం పూర్తయ్యాక మూలంలో ఒక్క వాక్యం మారినా, ఆ వాక్యం తెలుగు తెరపై ఇంగ్లీషులోనే కనిపిస్తుంది. ప్లగిన్లు, థీములు తయారుచేసేవారికి కూడా తమ కోడు కొత్త వెర్షనుతో సరిగా పనిచేస్తున్నదో లేదో చూసుకోవడానికి ఈ వారాలే ఆధారం.

చిన్న విడుదలలు

వర్డ్‌ప్రెస్‌లో 4.8, 4.9, 5.0 అన్నీ సమాన స్థాయి పెద్ద విడుదలలే, 5.0 అనే సంఖ్యకు ప్రత్యేక హోదా లేదు. 4.9.1 వలె మూడవ అంకె ఉన్నవి దోషాలను, భద్రతా లోపాలను సవరించే చిన్న విడుదలలు. భద్రతా లోపానికి ప్రణాళిక కోసం వేచి ఉండరు. 2013 అక్టోబరులో వచ్చిన 3.7 వెర్షను నుండి చిన్న విడుదలలు వెబ్‌సైట్లలో తమంతట తామే స్థాపితమయ్యే సౌకర్యం ఏర్పడింది.

5.0 విడుదల వివాదం

2016 డిసెంబరులో మల్లెన్‌వెగ్ కాలపట్టికను పక్కన పెట్టి, కొన్ని ప్రధాన లక్ష్యాలు పూర్తయినప్పుడే విడుదలలు జరుగుతాయని ప్రకటించాడు. ఆ లక్ష్యాలలో గుటెన్‌బర్గ్ అనే కొత్త సంపాదక పరికరం ముఖ్యమైనది. 4.9 వెర్షను 2017 నవంబరులో రాగా, 5.0 వెర్షను 2018 డిసెంబరు 6న వచ్చింది. మరల ఏడాదికి మించిన విరామం ఏర్పడింది.

5.0కు మొదట నవంబరు 19, తరువాత నవంబరు 27 నిర్ణయించారు. రెండూ దాటిపోయాక, కొద్ది రోజుల ముందు మాత్రమే డిసెంబరు 6ను ప్రకటించారు. దీనిపై విమర్శలు వచ్చాయి. అంధులు, ఇతర వికలాంగులు కొత్త పరికరాన్ని ఉపయోగించడంలో ఇబ్బందులున్నాయని ప్రాజెక్టులోని అందుబాటు బృందం అప్పటికే హెచ్చరించింది. పాత పద్ధతిలోనే రాయదలచినవారి కోసం క్లాసిక్ ఎడిటర్ అనే ప్లగిన్‌ను అందజేసి, కనీసం 2021 చివరివరకు నిర్వహిస్తామని హామీ ఇచ్చారు. ఆ గడువును తరువాత పొడిగించారు.

తరువాతి కాలం

2020లో మార్చి, ఆగస్టు, డిసెంబరు నెలలలో మూడు పెద్ద విడుదలలు జరిగి పాత క్రమం తిరిగి వచ్చింది. 2021 డిసెంబరు 14న రావలసిన 5.9 వెర్షను మాత్రం ముఖ్యాంశాలు సిద్ధం కానందున 2022 జనవరి 25కు వాయిదా పడింది. ఈసారి అంశాలను తీసివేయక తేదీనే మార్చారు. అయితే కొత్త తేదీని ముందుగానే ప్రకటించి దానికి కట్టుబడ్డారు.

2025లో పనిచేసేవారి సమయం తగ్గడంతో, ఏప్రిల్ 15న వచ్చిన 6.8 వెర్షనే ఆ ఏడాదికి చివరి పెద్ద విడుదల అని తొలుత ప్రకటించారు. పరిస్థితి మెరుగుపడిన తరువాత 6.9 వెర్షనును డిసెంబరు 2న విడుదల చేశారు. ప్రణాళికకు తేదీలెంత ముఖ్యమో పనిచేసే చేతులూ అంతే ముఖ్యమని ఈ ఉదంతం తెలుపుతుంది.

ఇతర సాఫ్టువేర్లతో పోలిక

ఇదే రంగంలోని ద్రుపాల్ 7వ వెర్షను 2011 జనవరిలో, 8వ వెర్షను 2015 నవంబరులో వచ్చాయి. ఆపైన ద్రుపాల్ ఆరు నెలలకొక విడుదల పద్ధతిని చేపట్టింది. జూమ్లా కూడా 1.5 నుండి 1.6కు మూడేళ్ళు తీసుకొని, 2011 నుండి ఆరు నెలల పద్ధతికి మారింది. అన్ని అంశాలూ పూర్తయ్యేవరకు ఆగడం కంటె, పూర్తయినవాటిని నియమిత కాలంలో అందించడమే మేలని ఈ మూడు ప్రాజెక్టులూ వేర్వేరు దారులలో గ్రహించాయి.

ఇవి కూడా చూడండి

* ద్రుపాల్
* జూమ్లా
* గ్నూ సార్వజనిక లైసెన్సు