మడినీటివలన వచ్చు ఎలుకజ్వరము

వర్షకాలమున జ్వరము సోకని యిల్లు మన పల్లెలలో అరుదు. వచ్చిన ప్రతి జ్వరమును చలిజ్వరమనియో, పడిశపుజ్వరమనియో తలంచి నాలుగుదినములు గడపుట వాడుక. అయితే మడినీటిలో నిలిచి పనిచేయువారికి వచ్చు జ్వరములలో నొకటి యట్లుపేక్షింపరానిది. వైద్యులు దీనిని లెప్టోస్పైరోసిస్ అందురు, వాడుకలో ఎలుకజ్వరమందురు. 1886లో జర్మనీ వైద్యుడగు వైల్ దీని తీవ్రరూపమును వర్ణించెను. 1915లో జపాను వైద్యులగు ఇనాడా, ఈడో యనువారు దీనికి కారణమగు సూక్ష్మజీవిని ప్రకటించిరి.

ఈ సూక్ష్మజీవి ఎలుకల మూత్రపిండములలో నివసించి మూత్రముతో వెలువడును. అది మడినీటిలో కలిసి, కాలిపగుళ్లగుండను, కొడవలిగాట్లగుండను, కంటిగుండను మన దేహమున ప్రవేశించును. సాధారణముగ 5 మొదలు 14 దినములకు జ్వరము పుట్టును. అప్పటికి ఊడ్పులు ముగిసి, రైతు ఆ సంగతియే మఱచియుండును.

చలితో హఠాత్తుగ అధికజ్వరమును తలనొప్పియు వచ్చుట అనేక జ్వరములకు గలదు. ఇందు విశేషించి చూడవలసినవి రెండు: పిక్కలను అదిమినచో ఓర్వరాని నొప్పి, పుసిలేకయే కండ్లెఱ్ఱబడుట. ఇవి రోగులందఱియందును కానరావు, కానవచ్చినచో జాగుచేయరాదు. దమ్ముచేసిన బడలికచే కాళ్లు నొచ్చుచున్నవని సరిపెట్టుకొనువారే మనలో ఎక్కువ.

పెక్కుమందికి వారముదినములలో నెమ్మదించును. కొందఱికి మాత్రము కండ్లు పచ్చబడి, మూత్రము తగ్గి, దగ్గులో రక్తము పడును. అప్పుడు ప్రాణాపాయము. పచ్చకామెరలని పసరుమందునకు పరుగెత్తుట యీ దశలోనే. పోగొట్టుకొను దినములు మరల రావు. పెనిసిలిన్, డాక్సీసైక్లిన్ అను మందులు మొదటి దినములలోనే యిచ్చినచో మేలు. కావున ఆసుపత్రిలో మొట్టమొదట చెప్పవలసిన మాట “మడినీటిలో పనిచేసితిని” అని. రోగి చెప్పనిది వైద్యునికెట్లు తెలియును? తొలివారమున రక్తపరీక్షలో కానరాకున్నను రోగము లేదని నిశ్చయింపరాదు.

బూట్లు తొడుగుకొని పొలములో దిగుడని పట్టణమువారు చెప్పుదురు. దమ్ములో బూటు నిలువదని వారెఱుగరు. గాయములకు నీరంటకుండ కట్టుకట్టి, పని ముగిసినపిదప మంచినీటితో సబ్బుపెట్టి కాళ్లు కడుగుట మనకు సాధ్యము. గట్లు సన్నముగ చెక్కినచో ఎలుకలకు కన్నములు త్రవ్వుటకు చోటు తగ్గును. ఈ పని యొక్కకమతమున జరిగినచో ప్రక్కమడి యెలుకలు మరల వచ్చును. ఆయకట్టువారందఱును ఊడ్పులకు ముందే ఒక్కవారములో పూర్తిచేయవలెను. పశువులును కుక్కలును ఈ రోగమునకు లోనగును. సూడియావు ఈచుకొనిపోయినచో ఆ మావిని ఒట్టిచేతులతో ముట్టక లోతుగ పూడ్చవలెను.