పాత కటకం – కొత్త కెమెరా – మన కృష్ణజింక

“దూరపు కొండలు నునుపు” అంటారు పెద్దలు. దూరం నుంచి చూసేవానికి కొండమీది రాళ్ళూ ముళ్ళకంపలూ కనిపించవు గనుక. ఆ రాళ్ళనూ ఆ కంపలనూ దగ్గరికి పోకుండానే చూపించే సాధనమే టెలిఫోటో లెన్సు. అయితే ఈ వ్యాసం షాపుల్లో అద్దాల వెనుక మెరిసే కొత్త లెన్సుల గురించి కాదు. ఫిలిం కెమెరాల కాలంలో వచ్చి, ఫిలింతోపాటే మూలబడి, స్టూడియో అటకల మీదా ఇంటి బీరువాల్లోనూ ఉండిపోయిన పాత లెన్సుల గురించి. చేత్తో తిప్పితేగాని ఫోకస్ కాని ఆ లెన్సులను నేటి డిజిటల్ కెమెరాకు ఎట్లా తగిలించాలి, తగిలించి మనబోటి వాళ్ళం ఏం సాధించగలం అన్నదే ఇక్కడి విషయం.

మనబోటి వాళ్ళం అని ఎందుకన్నానంటే, అడవి జంతువుల ఫోటోలు తీసేవాళ్ళు వాడే 600 మిల్లీమీటర్ల కొత్త లెన్సు ఖరీదు పది లక్షల రూపాయలు దాటుతుంది. ఆ డబ్బుతో మావైపు బోరు వేయించి, మోటారు బిగించి, ఇంకా ఎద్దుల జత కొనుక్కోవచ్చు! పాత 135 లేదా 200 మిల్లీమీటర్ల లెన్సు కొన్ని వేలకే దొరుకుతుంది. తెలిసినవాళ్ళ ఇంట్లో ఉంటే ఊరికే కూడా దొరుకుతుంది.

మా ఊరి అవసరం

మా విడపనకల్లు మండలం అనంతపురం జిల్లాకు పడమటి అంచున, బళ్ళారి సరిహద్దులో ఉంది. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. నల్లరేగడి నేల కాబట్టి ఆ కొద్దిపాటి తేమను పట్టుకొని పప్పుశనగ పండిస్తాం. ఈ బయలు పొలాల్లోనే కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతాయి. ఇది మన రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నది. దాన్ని చంపడం నేరం. కానీ మొలకెత్తిన శనగ చేనిలో మంద దిగిందంటే తెల్లవారేసరికి సాళ్ళకు సాళ్ళు మాయం. రెండు మాటలూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచడం రైతుబిడ్డకూ తగదు, సైన్సు విద్యార్థికీ తగదు.

నష్టం జరిగిందని చెప్పాలన్నా, మందలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలన్నా చేతిలో ఉండేది సెల్ ఫోను. దాంతో తీసిన ఫోటో చూసి మా నాయన అన్నమాట: “సుక్క మాదిరి ఉందిరా, ఇది జింకో కుక్కో చూసేవానికేం తెలుస్తాది?” ఆ ప్రశ్నకు జవాబు మన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోనే ఉంది.

చుక్క ఎందుకు చుక్కయింది?

కృష్ణజింక భుజం దగ్గర ఎత్తు సుమారు 80 సెంటీమీటర్లు. అది 100 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. దూరపు వస్తువు ప్రతిబింబం ఎంత ఉంటుందో తెలియాలంటే వస్తువు ఎత్తును కటక నాభ్యంతరంతో, అంటే ఫోకల్ లెంగ్తుతో, గుణించి దూరంతో భాగిస్తే చాలు. సెల్ ఫోను ప్రధాన కెమెరా నాభ్యంతరం 6 మిల్లీమీటర్లని తీసుకుంటే ప్రతిబింబం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అందుకే చుక్క! అదే 200 మిల్లీమీటర్ల లెన్సుతో 1.6 మిల్లీమీటర్లు. 24 మెగాపిక్సెళ్ళ మామూలు డిజిటల్ కెమెరాలో ఇది సుమారు 400 పిక్సెళ్ళ ఎత్తు. కొమ్ముల మెలికలు కూడా కనిపిస్తాయి.

ఇక్కడ మరొక లాభం ఉంది. తక్కువ ధర డిజిటల్ కెమెరాల సెన్సారు పాత 35 మిల్లీమీటర్ల ఫిలిం ఫ్రేము కన్నా చిన్నది. లెన్సు వేసే బొమ్మలో నడిమి భాగం మాత్రమే దానిమీద పడుతుంది. కాబట్టి 200 లెన్సు ఫిలిం కెమెరామీద 300 లెన్సు చూపినంత ఇరుకైన దృశ్యాన్ని చూపుతుంది. లెన్సు నాభ్యంతరం మాత్రం మారదు. అంచుల్లో పాత లెన్సుల పదును తక్కువ. ఆ అంచులే తెగిపోతాయి కాబట్టి మనకు మేలే.

టెలిఫోటో అన్న పేరులో ఒక కిటుకుంది. ముందు కుంభాకార కటకాల జట్టు, వెనుక పుటాకార కటకాల జట్టు అమరుస్తారు. ముందు జట్టు కిరణాలను దగ్గరికి చేరుస్తుంటే, వెనుక జట్టు ఆ చేరికను కాస్త నిదానింపజేస్తుంది. దానితో లెన్సు గొట్టం పొడవు నాభ్యంతరం కన్నా తక్కువలో సరిపోతుంది.

పాతదాన్ని కొత్తదానికి తగిలించడం

ప్రతి కంపెనీకీ లెన్సు బిగించే పట్టు, అంటే మౌంటు, వేరు. లెన్సు కూర్చునే లోహపు రింగు నుంచి ఫిలిం లేదా సెన్సారు దాకా ఉండే దూరం కూడా వేరు. మరచుట్టు మాదిరి బిగించే ఎం42 మౌంటులో అది 45.46 మిల్లీమీటర్లు. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ మౌంటులో 46.5. కానన్ వారి పాత ఎఫ్‌డీ మౌంటులో 42. 1987లో వచ్చిన ఈఎఫ్ మౌంటులో 44.

నియమం సులభం. కెమెరా దూరం లెన్సు దూరం కన్నా తక్కువైతే మిగిలిన ఖాళీని అడాప్టరు రింగుతో నింపవచ్చు. ఎం42 లెన్సును కానన్ డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ మీద పెడితే 1.46 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. పలుచని రింగు చాలు. అదే లెన్సును నికాన్ ఎస్‌ఎల్‌ఆర్ మీద పెడితే ఖాళీ లేకపోగా మిల్లీమీటరు ఎక్కువవుతుంది. రింగు మందం మరొక మిల్లీమీటరు. అంటే లెన్సు రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిగినట్టు. కటక సూత్రంలో వేసి చూడండి: 200 లెన్సుకు సుమారు 20 మీటర్ల అవతల ఏదీ స్పష్టంగా కనపడదు! జింక 20 మీటర్లలోకి రానిస్తుందా? కొన్ని రింగుల్లో దీన్ని సరిచేసే గాజు ఉంటుంది గానీ, అది నాసిరకమైతే లెన్సు పదును చెడగొడుతుంది. నికాన్ కెమెరాకు నికాన్ లెన్సే వెతుక్కోవడం మేలు. 1977కు ముందువైతే, ఆ బాడీకి సరిపడతాయో లేదో విచారించి మరీ బిగించాలి. కొన్ని బాడీల్లో మీట విరుగుతుంది.

అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక ఈ చిక్కు తీరిపోయింది. సోనీ ఈ మౌంటులో దూరం 18 మిల్లీమీటర్లే. కానన్ ఆర్‌ఎఫ్‌లో 20, నికాన్ జడ్‌లో 16. ఖాళీ పుష్కలం కాబట్టి సరైన రింగు ఉంటే దాదాపు ఏ పాత ఎస్‌ఎల్‌ఆర్ లెన్సయినా కుదురుతుంది. అయితే రింగు పెట్టాక కెమెరా తనకు లెన్సే లేదనుకుంటుంది. మెనూలో లెన్సు లేకున్నా షట్టరు పనిచేసే ఏర్పాటును ఆన్ చేయాలి. బాడీలోనే కుదుపు ఆపే సౌకర్యం ఉంటే, నాభ్యంతరం 200 అని మనమే దానికి చెప్పాలి.

ఒక కంపెనీ బాడీకి మరో కంపెనీ లెన్సు కట్టడం కొత్త విద్యేమీ కాదు. మనకు పొరుగున, బళ్ళారి జిల్లా సండూరు సంస్థానంలో 1940లలో ఉద్యోగం చేసిన ఎం. కృష్ణన్ (1912–1996) దేశం గర్వించదగిన ప్రకృతి రచయిత, ఫోటోగ్రాఫరు. ఆయన కెమెరా అట్లా అతుకులబొంతగా తనే కూర్చుకున్నదే. దానికాయన పెట్టుకున్న ముద్దుపేరు సూపర్ పాండెరోసా. అదే సండూరు రాజవంశీకులు, కర్ణాటక ఆర్థిక మంత్రిగా పనిచేసిన ఎం.వై. ఘోర్పడే (1931–2011) కూడా పేరెన్నికగన్న వన్యప్రాణి ఫోటోగ్రాఫరే. ఫోకస్ దానంతటదే కుదిరే మినోల్టా 7000 వచ్చింది 1985లో. అంతకు ముందు వచ్చిన జంతువుల ఫోటోలు దాదాపు అన్నీ చేత్తో తిప్పి తీసినవే.

చేతి ఫోకస్ మెళకువ

గంటకు 80 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల జంతువును రింగు తిప్పుతూ వెంబడించడం కుదరని పని. జింక వచ్చే చోటును ముందే ఫోకస్ చేసి కాచుకోవాలి. మగ కృష్ణజింక తన హద్దును గుర్తుపెట్టుకోవడానికి ఒకేచోట పెంటికలు వేస్తుంది. ఆ కుప్పదగ్గరికి మళ్ళీమళ్ళీ వస్తుంది. ఆ కుప్పను ఫోకస్ చేసి కూర్చుంటే సగం పని అయినట్టే.

ఫోకస్ ఎంత మేర నిలుస్తుందో కూడా లెక్క కట్టవచ్చు. చిన్న సెన్సారుమీద 200 లెన్సును ఎఫ్/4 దగ్గర పెట్టి 100 మీటర్లకు ఫోకస్ చేస్తే సుమారు 83 నుంచి 125 మీటర్ల దాకా స్పష్టంగా ఉంటుంది. 30 మీటర్లకు చేస్తే మూడున్నర మీటర్లే. 10 మీటర్లకు చేస్తే మూరెడు కూడా ఉండదు. దూరంగా ఉండటమే పాత లెన్సుకూ క్షేమం, జింకకూ క్షేమం.

మిర్రర్‌లెస్ కెమెరాలో స్పష్టమైన అంచులు రంగు గీతలతో మెరిసే ఫోకస్ పీకింగ్ ఉంటుంది. బొమ్మను పెద్దది చేసి కంటిని చూసుకోవచ్చు. నికాన్ ఎస్‌ఎల్‌ఆర్‌లలో అయితే ఫోకస్ కుదరగానే పచ్చచుక్క వెలుగుతుంది.

వెలుతురు, వేగం

పాత లెన్సుతో అపెర్చరును లెన్సుమీది రింగుతోనే తిప్పాలి. కొన్ని బాడీలు వెలుతురు కొలవవు. భయం లేదు, మన ఎండే మన మీటరు! నిండు ఎండలో ఎఫ్/16 పెట్టి, ఐ.ఎస్.ఓ. ఎంతో షట్టరు అందులో ఒకవంతు పెట్టడం ఫిలిం కాలపు సూత్రం. ఐ.ఎస్.ఓ. 400 అయితే ఎఫ్/16 దగ్గర 1/400 సెకను. ఎఫ్/5.6కు తెరిస్తే మూడు స్టాపులు పెరిగి 1/3200. పొద్దున ఎండ మెత్తగా ఉంటుంది కాబట్టి రెండు స్టాపులు తగ్గిస్తే 1/800. చేతి కుదుపును ఆపడానికి 200 లెన్సుకు 1/500 అయినా కావాలి. మనకు అంతకన్నా ఎక్కువే దొరికింది.

ఎఫ్/5.6 ఎందుకంటే, పూర్తిగా తెరిచినప్పుడు పాత లెన్సుల్లో రంగుల దోషం ఎక్కువ. ఒక్కో రంగు ఒక్కోచోట ఫోకస్ కావడం వల్ల నల్లని వీపుకూ తెల్లని పొట్టకూ మధ్య, ఆకాశంమీద కొమ్ముల చుట్టూ ఊదారంగు అంచు వస్తుంది. ఒక స్టాపు మూస్తే చాలావరకు తగ్గుతుంది.

స్టాండు లేకపోతే బాధలేదు. గుడ్డసంచిలో రెండు సేర్ల శనగలు పోసి మూతి కట్టి, గెనిమ మీదనో బండి నొగ మీదనో పెట్టి దానిమీద లెన్సు ఆనించండి. గింజలు లెన్సు ఆకారానికి సర్దుకుంటాయి. పని అయ్యాక శనగలు ఇంట్లో ఇచ్చేయవచ్చు!

పది గంటలు దాటితే మాత్రం ఎంత గొప్ప లెన్సయినా ఓడిపోవలసిందే. వేడెక్కిన నేలమీది గాలికీ దాని పైగాలికీ సాంద్రత వేరు, వక్రీభవన గుణకం వేరు. కాంతి వంకరలు పోతూ వస్తుంది. ఎండమావిని చూపించేదీ ఇదే, జింక కాళ్ళు నీళ్ళల్లో వణుకుతున్నట్టు చేసేదీ ఇదే. కాబట్టి తెల్లవారి రెండు గంటలు, సాయంత్రం చివరి గంట మనవి.

కొనేముందు

లెన్సు వెనుక టార్చి పెట్టి ముందు నుంచి చూడండి. సాలెగూడు మాదిరి పోగులుంటే అది బూజు, వదిలేయండి. అపెర్చరు రేకులమీద నూనె ఉందా, రింగు పట్టేస్తోందా చూడండి. మన పొడి వాతావరణంలో బూజు భయం తక్కువే, దుమ్ము భయమే ఎక్కువ. గాలిలో లెన్సు మార్చేటప్పుడు కెమెరా ముఖాన్ని కిందికి ఉంచాలి. ఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండరులో నుంచి సూర్యుణ్ణి చూడనే కూడదు. కన్ను పోతుంది.

ఫోటో ఎవరికి సాక్షి?

మంద దిగిన చేనిని తేదీ, సమయంతో సహా స్పష్టంగా తీస్తే నష్టపరిహారం అడిగే రైతు మాటకు బలం వస్తుంది. అదే ఫోటో మందలో మగవెన్ని, పిల్లలెన్ని అన్నదీ చెబుతుంది. మోటారు సైకిళ్ళతో తరిమేవారు ఉంటే వారినీ పట్టి చూపుతుంది. ఒక పక్షానికే సాక్ష్యం చెప్పే గుణం గాజుకు లేదు. జింకలు తల ఎత్తి మనవైపే చూస్తున్నాయంటే మనం ఎక్కువ దగ్గరికి పోయామని అర్థం. అక్కడే ఆగిపోవాలి. ఫోటో కోసం మందను లేపితే అది పోయిపడేది పక్క రైతు చేనిలోనే!

ఈ సంచికను చదివే పూర్వ విద్యార్థులకూ గురువులకూ ఒక మనవి. మీ బీరువాలో పాత లెన్సు ఉంటే మన భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఇవ్వండి. ఆప్టికల్ బెంచిమీద సూదులు పెట్టి నాభ్యంతరం కనుక్కోవడం మాకు ఎటూ తప్పదు. అదేదో పశ్చిమాన బయలు పొలాల్లో జింకలను లెక్కపెట్టగల కటకానికే కనుక్కుంటాం. శనగ మొలిచే కార్తీకంలో నలుగురు విద్యార్థులు వస్తామంటే మా ఊళ్ళో పడుకోవడానికి మిద్దె ఉంది, జొన్నరొట్టె ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవగలిగితే చాలు.