నగల పూత నుంచి హార్డ్‌డిస్కు దాకా..

మచిలీపట్నం చెంతనున్న చిలకలపూడి పేరు వినగానే బంగారు పూత నగలు గుర్తుకొస్తాయి. నగను రసాయన ద్రావణంలో ఉంచి, విద్యుత్తును ప్రవహింపజేసి, పలుచని బంగారు పొరను పట్టించే ఈ విద్య కంప్యూటరు రంగానికీ ఆధారమైంది. హార్డ్‌డిస్కులో సమాచారాన్ని రాసే సూక్ష్మ భాగం తయారీలో ఈ సూత్రమే కీలకం. అక్కడ కావలసింది మెరుపు. ఇక్కడ కావలసింది అయస్కాంత గుణం.

పాళ్లు తప్పితే పనికిరాదు

హార్డ్‌డిస్కులో తిరిగే పళ్లెంపై సమాచారమంతా సూక్ష్మమైన అయస్కాంత గుర్తులుగా నమోదవుతుంది. రాసే భాగాన్ని 'హెడ్' అంటారు. తీగచుట్టలో కరెంటు ప్రవహించగానే దాని లోహం అయస్కాంతంగా మారాలి. కరెంటు ఆగగానే ఆ గుణాన్ని వదులుకోవాలి. సుమారు 80 శాతం నికెల్, 20 శాతం ఇనుము కలిసిన 'పర్మల్లాయ్' ఇందుకు అనువైనది. ఈ పాళ్లలో ఉంటే ఒత్తిడి పడినా దాని అయస్కాంత గుణం దాదాపు చెదరదు. పాళ్లు మారితే ఆ ప్రయోజనం దెబ్బతింటుంది.

1979లో మలుపు

అంతకుముందు హెడ్‌లను ఫెరైట్ ముక్కలను అరగదీసి చేసేవారు. వాటిని మరీ చిన్నవిగా మలచడం కష్టం. అమెరికాకు చెందిన ఐబీఎం సంస్థలో లుబోమిర్ రోమన్‌కివ్, డేవిడ్ థాంప్సన్ పలుచని పొరల హెడ్‌ను రూపొందించారు. 1979లో వచ్చిన 'ఐబీఎం 3370' డిస్కు యంత్రంలో దీనిని వాడారు. దాని సామర్థ్యం సుమారు 571 మెగాబైట్లు. కాంతితో మార్పు చెందే రసాయన పొరలో ముందుగా అచ్చు తీసి, తెరచి ఉంచిన చోట మాత్రమే లోహం పేరుకునేలా చేయడం ఈ పద్ధతి విశేషం. మందం కొద్ది మైక్రాన్లే.

ముందుకు దూకే ఇనుము

సిద్ధాంతం ప్రకారం ఇనుము కంటే నికెల్ సులువుగా పేరుకోవాలి. రెండింటినీ కలిపి పూత వేస్తే జరిగేది ఇందుకు విరుద్ధం. ఇనుమే ముందుకు దూకుతుంది. అందువల్ల ద్రావణంలో నికెల్ లవణాలతో పోలిస్తే ఇనుప లవణాన్ని ఎన్నో రెట్లు తక్కువగా కలుపుతారు. ద్రావణాన్ని కలియబెట్టే తీరు మారినా పూతలో ఇనుము పాలు మారిపోతుంది. దీన్ని నివారించడానికి పలకకు అతి సమీపంలో ఒక తెడ్డును ఒకే లయలో అటూఇటూ కదుపుతారు. ఆమ్లత్వం స్థిరంగా ఉండటానికి బోరిక్ ఆమ్లాన్ని, పొరలో బిగువు తగ్గించడానికి శాకరిన్‌ను కలుపుతారు. పూత పడుతున్నంతసేపూ అయస్కాంత క్షేత్రంలో ఉంచి, పొర గుణానికి ఒక దిశను ఏర్పరుస్తారు.

తర్వాతి కాలంలో మరింత శక్తిమంతమైన కోబాల్ట్-ఇనుము మిశ్రమాలు కూడా ఈ బాటలోనే వచ్చాయి.

వ్యర్థజలంతో జాగ్రత్త

పూత ద్రావణాలు, కడిగిన నీరు నేరుగా కాలువల్లోకి చేరితే ప్రమాదం. నికెల్ భార లోహం. చర్మానికి అలర్జీ కలిగిస్తుంది, నీటి జీవులకు హాని చేస్తుంది. క్షారం కలిపి లోహాన్ని మడ్డిగా వేరుచేశాకే నీటిని వదలాలి. మడ్డిని కూడా సురక్షితంగా తరలించాలి. పూత పెద్ద కర్మాగారంలో వేసినా, చిన్న షెడ్డులో వేసినా ఈ నియమం మారదు.